చెరువు నాచు నుంచి చూపు

చెరువు నీరు పచ్చబడితే నాచు పట్టిందని రేవుకు వెళ్లినవారు ముఖం చిట్లిస్తారు. ఆ పచ్చదనంలో మామూలు కంటికి కనబడని ఒంటికణపు జీవులు కోట్లాదిగా ఉంటాయి. అటువంటి నాచు జాతి నుంచి తీసుకున్న ఒక మాంసకృత్తు సాయంతో, ఏళ్ల తరబడి చూపు లేని ఒక వ్యక్తి 2021 నాటికి ఎదుట ఉన్న వస్తువును చూసి చేయి చాచి తాకగలిగాడు. ఫ్రాన్సులో జరిగిన ఈ ప్రయోగం ప్రపంచమంతటా నేత్రవైద్యుల దృష్టిని ఆకర్షించింది.

మాంసకృత్తు అనగానే పప్పులు, గుడ్లు గుర్తుకు వస్తాయి. కాని మన శరీరంలోని ప్రతి జీవకణంలోనూ వేలాది రకాల మాంసకృత్తులు ఉంటాయి. కణం చేసే పనులు చాలావరకు వాటి చేతిమీదుగానే జరుగుతాయి. అలాంటి ఒక మాంసకృత్తును వెలుగుతో పని చేయించడం, వెలుగు తీసేసి ఆపడం ఇప్పుడు శాస్త్రజ్ఞులకు సాధ్యమయింది.

వెలుగుకు తెరుచుకునే తూము

క్లామిడోమోనాస్ అనే నాచు జీవి మంచినీటిలోనూ, తడి నేలలోనూ పెరుగుతుంది. దాని పరిమాణం మిల్లీమీటరులో దాదాపు నూరోవంతు. ఈదడానికి రెండు సన్నని తోకలు, వెలుగు జాడ పట్టడానికి కంటిచుక్క ఒకటి దానికున్నాయి. మెదడు లేదు, నరాలు లేవు. అయినా తగినంత వెలుతురు ఉన్నవైపు ఈదుకుంటూ పోతుంది. వెలుగు మరీ తీక్షణమైతే వెనుదిరుగుతుంది.

దీని కీలకం కణం పైపొరలో ఉంది. అక్కడ ఒక మాంసకృత్తు చెరువు తూములా అమరి ఉంటుంది. చీకట్లో అది మూసి ఉంటుంది. నీలి వెలుగు పడగానే తెరుచుకుంటుంది. విద్యుదావేశం గల లవణ కణాలు అందులోనుంచి లోపలికి పారుతాయి. కణంలో స్వల్పంగా విద్యుత్తు పుట్టి తోకల కదలిక మారుతుంది. వెలుగు ఆగితే తూము మూతపడుతుంది. ఇక్కడ నీరుగంటి పని వెలుగే చేస్తుందన్నమాట. జర్మనీ శాస్త్రజ్ఞులు పీటర్ హెగెమాన్, గేయార్గ్ నాగెల్, ఎర్న్‌స్ట్ బాంబెర్గ్ 2002, 2003 సంవత్సరాలలో ఈ సంగతిని రుజువు చేశారు. ఆ మాంసకృత్తుకు చానెల్ రొడాప్సిన్ అని పేరు పెట్టారు.

నరాలకు పనికివచ్చింది

మన నరాల కణాలు కూడా విద్యుత్తు ద్వారానే కబురు పంపుతాయి. మెదడులో ఒకే రకం కణాలను పని చేయించి, పక్క కణాలను కదిలించకుండా ఉండే ఉపాయం కావాలని ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ క్రిక్ 1979లోనే రాశాడు. మందు ఇస్తే అది అంతటా పాకుతుంది. కరెంటు పెడితే చుట్టుపక్కల కణాలన్నిటికీ తగులుతుంది. నాచు తూము ఉన్న కణం మాత్రమే వెలుగుకు స్పందిస్తుంది. తూము లేని కణానికి ఆ వెలుగుతో నిమిత్తం లేదు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డీసెరోత్, ఎడ్ బోయ్‌డెన్, వారి సహచరులు ఈ మాంసకృత్తును తయారుచేసే జన్యువును నరాల కణాలలో ప్రవేశపెట్టి, వాటిని నీలి వెలుగుతో పని చేయించారు. ఆ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. మరుసటి ఏడాది డెట్రాయిట్ నగరంలో జువో-హువా పాన్ బృందం ఇదే జన్యువును గుడ్డి ఎలుకల కళ్లలో పెట్టి చూసింది. ఆ కళ్లు వెలుగుకు మళ్లీ స్పందించాయి.

కంటిలో జరిగిన మార్పు

కంటి వెనుక ఉండే రెటీనా పొరలో వెలుగును పట్టే కణాలు 12 కోట్లకు పైగా ఉంటాయి. ఆ కబురును మెదడుకు చేరవేసే కణాలు వేరే ఉన్నాయి. అవి సుమారు 10 లక్షలు. రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్య వ్యాధిలో వెలుగును పట్టే కణాలు క్రమంగా చనిపోతాయి. కబురు మోసే కణాలు చాలావరకు బ్రతికే ఉంటాయి. అంటే కాలువ ఉంది, ఊట ఎండిపోయింది. ఆ బ్రతికిన కణాలకే వెలుగును పట్టే శక్తి ఇస్తే ఎలా ఉంటుందన్నదే శాస్త్రజ్ఞుల ఆలోచన.

జోసే-అలెన్ సాహెల్, బోటోండ్ రోస్కాల నాయకత్వంలో ఆ ప్రయోగం జరిగింది. రోగి వయసు 58. వ్యాధి బయటపడి 40 ఏళ్లయింది. హాని చేయని వైరస్‌లో నాచు జన్యువును ఉంచి ఒక కంటిలోకి ఇంజెక్షన్ ఇచ్చారు. తీవ్రమైన నీలి వెలుగు కంటికి మంచిది కాదు కనుక పసుపు-నారింజ వెలుగుకు తెరుచుకునే మరో రకం మాంసకృత్తును ఎంచుకున్నారు. కెమెరా అమర్చిన ప్రత్యేక కళ్లజోడు ఎదుటి దృశ్యాన్ని ఆ రంగు వెలుగుగా మార్చి కంటిలోకి పంపుతుంది.

నెలల తరబడి శిక్షణ అవసరమయింది. ఆ తర్వాత అతడు రోడ్డు దాటేచోట వేసిన తెల్ల చారలను గుర్తించాడు. పరీక్షలో బల్లమీది నోటు పుస్తకాన్ని నూటికి 92 సార్లు తాకగలిగాడు. చిన్నదైన పిన్నుల పెట్టెను మాత్రం నూటికి 36 సార్లే. గ్లాసులెన్ని ఉన్నాయో నూటికి 63 సార్లు సరిగా చెప్పాడు. కళ్లజోడు తీసేస్తే వీటిలో ఏదీ చేతకాలేదు. మనిషి ముఖాన్ని పోల్చుకోవడానికి ఇంతకన్నా ఎంతో స్పష్టమైన చూపు కావాలి.

రేచీకటిని ఉపేక్షించరాదు

ఈ వ్యాధి ప్రపంచంలో సుమారు 4,000 మందిలో ఒకరికి వస్తుందని అంచనా. తొలి లక్షణం తరచు రేచీకటే. మునిమాపు వేళ పిల్లవాడు గడప తట్టుకుని పడితే అజాగ్రత్త అని కసురుకుని ఊరుకోరాదు. ఆహారంలో విటమిన్ ఏ లోపించినా రేచీకటి వస్తుంది. దానిని సకాలంలో గుర్తిస్తే మందుతో నయం చేయవచ్చు. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు దానిని దగ్గరకు రానివ్వవు. వంశపారంపర్యంగా వచ్చే రేచీకటి వేరు. అది ఆకుకూరలతో పోయేది కాదు. రెండింటికీ తేడా తేల్చవలసింది కంటి డాక్టరే.

వంశపారంపర్య రకాలలో కొన్ని తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందినప్పుడే బయటపడతాయి. అందుకే మేనరికం చేసుకున్న కుటుంబాలలో వాటికి అవకాశం ఎక్కువ. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే మిగిలిన పిల్లల కళ్లు కూడా పరీక్ష చేయించడం, సంబంధం కుదుర్చుకునే ముందే వైద్య సలహా తీసుకోవడం మంచిది.

నాచు జన్యువు చికిత్స ఊళ్లోని ఆసుపత్రిలో అడిగి వేయించుకునే ఇంజెక్షన్ కాదు. దాని పరీక్షలు ఫ్రాన్సు, బ్రిటన్, అమెరికాలలో పరిమిత సంఖ్యలో రోగులపై జరిగాయి. పోయిన చూపును పసరుతోనో, చుక్కల మందుతోనో తెప్పిస్తామని డబ్బు అడిగేవారి మాట నమ్మి పొలం తాకట్టు పెట్టుకోరాదు.