పైరిత్రాయిడ్లకు లొంగని శనగపచ్చ పురుగు

1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను పదేపదే పిచికారి చేసినా శనగపచ్చ పురుగు లొంగలేదు. ఇటువంటప్పుడు కల్తీ మందును అనుమానించడం సహజమే. కాని పురుగే సైపర్‌మెత్రిన్‌కు నిరోధక శక్తిని సంతరించుకున్నదని ప్రయోగశాల పరీక్షలలో తేలింది.

నిరోధకతను మందు సృష్టించదు. ముందే ఉన్న కొద్దిపాటి నిరోధక పురుగులను మిగిల్చి, వాటి సంతతి పెరగడానికి అవకాశమిస్తుంది. వీటి దేహంలోని ఆక్సిడేజ్, ఎస్టరేజ్ ఎంజైములు మందును విచ్ఛిన్నం చేస్తాయి. కొన్నింటిలో నాడీకణాల సోడియం మార్గాలే మందుకు స్పందించవు. పైపెరోనిల్ బ్యుటాక్సైడ్ కలిపినప్పుడు మందు తిరిగి పనిచేస్తే, ఎంజైముల పాత్ర స్పష్టమవుతుంది.

ఈ స్థితిలో మోతాదు పెంచితే ముందుగా నశించేవి అక్షింతల పురుగులు, ట్రైకోగ్రామా వంటి మిత్ర కీటకాలే. పొలం నుండి కాలువలోకి చేరిన మందు సంగతి మరింత విచారకరం. పైరిత్రాయిడ్లు పక్షులకు అంతగా హాని చేయవు. చేపలకు మాత్రం లీటరు నీటిలో కొద్ది మైక్రోగ్రాములే ప్రాణాంతకం. పురుగును కాపాడిన విచ్ఛేదక శక్తి చేపలో అత్యల్పం.

కనుక మందు పనిచేయలేదన్న ఫిర్యాదు అందినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త మోతాదు పెంచమనక, ఆ చేలోని లార్వాలను సేకరించి, వాటి ఎల్‌డి50 విలువను మందుకు లొంగే పురుగుల విలువతో పోల్చి చూడవలెను.