స్నానచూర్ణమును సున్నమును

గడచిన వేసవి సెలవుల తరువాత ఎనిమిదవ తరగతి బాలిక యొకతె చిన్న డబ్బీని పాఠశాలకు తెచ్చినది. అందు గులాబీ వాసనగల తెల్లని పొడి యుండెను. పట్టణమునుండి వచ్చిన మేనమామ దానిని బహుమానముగా నిచ్చెనట. స్నానపు నీటిలో చెంచాడు వేసినచో గోలీసోడావలె పొంగుననియు, నీరంతయు పరిమళించుననియు నామె చెప్పెను. మేము గాజుగ్లాసులో నీరు పోసి చిటికెడు పొడి వేసి చూపగా తరగతియంతయు సంతోషించినది. అంతలో పిడుగురాళ్లనుండి వచ్చి చదువుకొను బాలుడొకడు లేచి, “మాస్టారూ, మా యింటికడ సున్నపుగడ్డను నీళ్లలో వేసినను ఇట్లే బుసబుసలాడునండీ. దానికి అత్తరు కలిపిన ఇదే యగునా?” అని యడిగెను.

పిల్లలు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. మా చిన్ననాట క్రిస్మసు పండుగకు ముందు మా పేటలో ఇండ్లకు వెల్ల వేయుచుండగా, నీటిలో ఉడుకుచున్న సున్నపు కుండలోనికి తొంగిచూచిన మా తోటిబాలుని కంటిలో ఒక తుంపర పడినది. ఆ కన్ను మరల చూడలేదు. కావున ఆ బాలుని ప్రశ్నకు తరగతిలో చెప్పిన సమాధానమునే తల్లిదండ్రులకును తెలియునట్లు ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట స్నానచూర్ణము సంగతి. అందు ముఖ్యమైనవి రెండే వస్తువులు: వంటసోడా, నిమ్మఉప్పు. ఈ రెండును పొడిగా నున్నంతకాలము ఒకదానిజోలికి మరియొకటి పోదు. నీరు తగిలినంతనే రెండును కరగి కలిసికొనును. అప్పుడు సోడాలో అణగియున్న వాయువు బుడగలై పైకి వచ్చును. దీనినే వెనుకటి తెలుగు పుస్తకములలో బొగ్గుపులుసుగాలి యనిరి. నేటి పాఠములలో కార్బన్ డయాక్సైడు అనుచున్నాము. గోలీసోడాను పొంగించునదియు ఇదియే.

నిమ్మరసమునుండి ఈ పులుపును స్ఫటికములుగా మొదట వేరుచేసినవాడు షీలే అను రసాయన శాస్త్రజ్ఞుడు. అది 1784 సంవత్సరపు మాట. ఇట్టి పొంగుచూర్ణమును ఉండలుగా కట్టి స్నానమునకు ఉపయోగించుట 1989లో ఇంగ్లాండు దేశమందు మో కాన్‌స్టన్‌టైన్ అను నామె మొదలిడినది. నేడు పట్టణపు దుకాణములలో అమ్మునవి ఆ తెగకు చెందినవే.

ఇక సున్నము సంగతి. మన పల్నాటి నేలలో సున్నపురాయి విస్తారముగా నున్నది. మన యిండ్లలో పరచుకొను నాపరాళ్లు ఆ జాతివే. నునుపైన నాపరాతి బండపై నిమ్మరసము పడి కొంతసేపు నిలిచినచోట మెఱపు పోవుట గృహిణులెల్లరు ఎఱిగినదే. పులుపు తగులుటచే రాయి కొంచెము కరగి, అందలి బొగ్గుపులుసుగాలి వెడలిపోవును. సున్నపురాతిపొడిపై నిమ్మరసము పిండి చూచిన చిన్న బుడగలు కంటికి కనిపించును.

పులుపు చేయుపనినే బట్టీలో మంట చేయును. స్వచ్ఛమైన సున్నపురాతిని 100 పాళ్లు కాల్చినచో 44 పాళ్లు వాయువై పోయి 56 పాళ్ల పొడిసున్నము మిగులును. రాతిలో ఇట్లొక వాయువు బంధింపబడి యున్నదని స్కాట్లండు దేశపు జోసఫ్ బ్లాక్ 1750 తరువాతి సంవత్సరములలో తూచి నిరూపించెను. ఫ్యాక్టరీలలో వంటసోడా చేయునపుడు సాధారణముగా ఉప్పునీటిలోనికి పంపు వాయువును సున్నపురాతిని కాల్చియే తీయుదురు. అనగా స్నానపు నీటిలో పొంగు ఆ బుడగ ఒకప్పుడు రాతిలో దాగియున్నదే కావచ్చును. మా విద్యార్థి యడిగిన ప్రశ్నలో ఇంతమట్టుకు సత్యము కలదు.

అయితే భేదము ప్రాణప్రదమైనది. బట్టీలో కాలిన సున్నమునందు వాయువు మిగిలియుండదు. దానిని నీటిలో వేసినపుడు వచ్చు బుసబుస వాయువు పొంగుట కాదు, నీరు మరగుట. సున్నము నీటిని పీల్చుకొని మిక్కుటమైన వేడిని పుట్టించును. స్నానచూర్ణము కరగిన నీరో కొంచెము చల్లబడును. మేము తరగతిలో ఉష్ణమాపకమును గ్లాసులో నుంచి పిల్లలకు దీనిని చూపితిమి. కావున ఈ మాట కంఠస్థము చేయుడు: రెండును తెల్లనివే, రెండును బుసలాడునవే, ఒకటి చల్లబరచును, మరియొకటి కాల్చును. వేడి చల్లారిన తరువాతను తడిసున్నము ఘాటైన క్షారము. చర్మమును కంటిని తినివేయును. దానికి ఎన్ని అత్తరులు కలిపినను అది స్నానమునకు తగదు. పేరులేని తెల్లపొడిని ముట్టి చూచుట, నీటిలో వేసి చూచుట పిల్లలు ఎన్నడును చేయరాదు.

ప్రమాదవశమున సున్నము కంటిలో పడినచో క్షణమైనను ఆలస్యము చేయక, రెప్పలు తెఱచిపట్టి, శుభ్రమైన నీటిని 20 నిమిషములకు తక్కువ కాకుండ ధారగా పోసి కడిగి, వెంటనే వైద్యశాలకు తీసికొనిపోవలెను. కన్ను నలపరాదు. పాలు, నూనె, నిమ్మరసము పోయరాదు. చర్మముపై పొడి పడినచో ముందు పొడిగుడ్డతో దులిపి, పిమ్మట ధారాళముగా కడుగవలెను.

ఇంటిలో స్నానచూర్ణము చేసికొనగోరువారికి విధానము చెప్పెదము. వంటసోడా 2 గిన్నెలు, నిమ్మఉప్పు 1 గిన్నె, బియ్యపుపిండి అర గిన్నె తీసికొనవలెను. నీడన ఎండిన గులాబీరేకులను, వట్టివేళ్లను మెత్తగా దంచి జల్లించి అర గిన్నె చేర్చవలెను. పాత్రయు గరిటెయు తడిలేనివై యుండవలెను. లెక్క ప్రకారము తూకమున 4 పాళ్ల సోడాకు 3 పాళ్ల నిమ్మఉప్పు సరిపోవును. అయినను సోడా కొంత మిగులుటయే మేలు. పులుపు మిగిలిన చర్మము చురచురలాడును. బట్టల సోడాను దీనికి వాడరాదు, అది ఘాటైనది. బకెట్టు నీటికి రెండు చెంచాలు చాలును. పుండ్లున్నవారు వాడకుండుట మంచిది, దురద పుట్టినచో మానవలెను, కండ్లలో పడనీయరాదు.

వానకాలపు చెమ్మ దీనికి శత్రువు. గాలిలోని తడికే పొడి మెల్లగా పొంగి, గడ్డకట్టి, సత్తువ పోగొట్టుకొనును. చెమ్మ తగిలిన పొడిని సీసాలో బిగించినచో లోపలి వాయువు బిరడాను ఎగదన్నవచ్చును. పూర్వపు మందుల షాపులలో సీడ్లిట్జు చూర్ణమను పొంగుమందును రెండు పొట్లములుగా అమ్మెడివారు: నీలికాగితములో సోడా, తెల్లకాగితములో పులుపు. మనమును అట్లే వేఱువేఱుగా దాచి స్నానపువేళ కలుపుకొనుట ఉత్తమము.

తుదకు ఒక మాట. పొంగు కంటికి వేడుక, పరిమళము మనస్సుకు హాయి. మురికిని వదల్చునది మాత్రము అది కాదు. సున్నపురాతి నేలలో ఊరిన బావినీరు తరచు కఠినజలమై, సబ్బు నురుగక విరుగును. అట్టి నీటిలోను కుంకుడుకాయ నురుగునిచ్చును. నూనె రాచుకొని, పెసరపిండి కస్తూరిపసుపు కలిసిన సున్నిపిండితో నలుగు పెట్టుకొనినచో జిడ్డంతయు వదలును. మన అవ్వల యీ పద్ధతిని విడువక, పండుగపూట వేడుకకై ఈ చూర్ణమును చేర్చుకొనవచ్చును.

వానలు పడినపిదప ఆ బాలిక డబ్బీలోని పొడి గడ్డకట్టి, నీటిలో వేసినను ఊరకుండెను. ఆమె చిన్నబోయినది, కారణము మాత్రము తానే తరగతికి చెప్పినది. పిడుగురాళ్ల బాలుడు తమ యింటి సున్నపు కుండకు మూత పెట్టించి, చెల్లెలికి అందకుండ అటకపై నుంచితినని మాతో చెప్పెను. మా పాఠమునకు ఇంతకంటె మంచి పరీక్షాఫలితమును మేము కోరము.