పాలపిట్టకు అందని గులాబీ పురుగు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడింది 2016 అక్టోబరు 11న. ఆ రోజు దసరా. జమ్మికి మొక్కి, పాలపిట్టను చూసి ఇంటికొచ్చే రోజు. పత్తి కాయల్లో గులాబీ రంగు పురుగు ఉద్ధృతి పెరిగేది కూడా ఇంచుమించు ఆ పండగ నాళ్లలోనే.

పాలపిట్ట రెక్కలు చాపితే 65 నుంచి 74 సెంటీమీటర్లు. గులాబీ పురుగు తల్లి రెక్కల పురుగుకు 2 సెంటీమీటర్లు మించవు. కానీ మనకు కావాల్సింది పిల్లల లెక్క. పాలపిట్ట ఎండాకాలంలో చెట్టు తొర్రలో 3 నుంచి 5 గుడ్లు పెడుతుంది. పొదగడానికే 17-19 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల. తల్లి పురుగు వందకు పైగా గుడ్లు పెడుతుంది. నెల తిరిగేసరికి మళ్లీ తల్లి పురుగులే.

వందలో తొంభై చచ్చాయనే అనుకుందాం. మిగిలిన పదిలో ఐదు ఆడవి. అదే లెక్కన రెండో తరానికి 50, మూడో తరానికి 250. ఒక్క పురుగు నుంచి, మూడే నెలల్లో!

మరి పిట్ట తినదా? కరెంటు తీగ మీద కూర్చుని నేల మీది మిడతలను, పెంకు పురుగులను పట్టే పక్షి అది. ఈ పురుగేమో గుడ్డు పగలగానే మొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది. తల్లి పురుగు తిరిగేది రాత్రిపూట. చేలో పక్షి స్థావరాలు పాతితే ఆకుల మీద తిరిగే లద్దె పురుగు, శనగపచ్చ పురుగు పిట్టల పాలవుతాయి. పల్లి చేలకు ఆ స్థావరాలు నిజంగా మేలు. కాయలో దాక్కున్నదాన్ని మాత్రం ఏ పిట్టా చూడలేదు.

బీటీ పత్తి కూడా దాన్ని ఎక్కువ కాలం ఆపలేదు. 2002లో అనుమతి వస్తే, 2010కే గుజరాత్‌లో మొదటి రకం బీటీని ఈ పురుగు తట్టుకుంటోందని తేలింది.

అందుకే రైతు కన్నే దిక్కు. లింగాకర్షక బుట్టలో రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే మందుకు సమయమైనట్టు. విచ్చుకోని గుడ్డి పూలు కనిపిస్తే ఏరి నాశనం చేయాలి. గద్వాల సీడ్ పత్తిలో సాయంత్రం మొగ్గ ఒలిచి, పొద్దున క్రాసింగ్ చేసే కూలీల చేతికి ప్రతి పువ్వూ తగులుతుంది. వాళ్లు చెప్పే మాట విలువైనది.

డిసెంబరు ఆఖరుకల్లా పంట ముగించి కట్టె తీసేయాలి. ఎండుకాయల్లో, జంట గింజల్లో పురుగు నెలల తరబడి నిద్రపోయి, వానాకాలం పత్తి పూతకొచ్చే వేళకు లేస్తుంది.