చంపే ముందు జడ్జిని అడగక్కర్లేదా?

‘నా కొడుకును చంపకుండా ఆపండి...’ 2010 ఆగస్టులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టుకు ఓ తండ్రి చేసుకున్న విన్నపమిది. ఆ కొడుక్కి ఏ కోర్టూ మరణశిక్ష వేయలేదు. ఉగ్రవాద నేరం కింద అమెరికాలో కేసూ లేదు. అయినా, చంపాల్సినవారి జాబితాలో పేరు ఎక్కిందని అప్పటికే పత్రికల్లో వచ్చేసింది.

తండ్రి పేరు నాసర్ అల్ అవ్లాకీ. యెమెన్ మాజీ వ్యవసాయ మంత్రి. 1960ల్లో స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి చదువుకున్నాడాయన. కొడుకు అన్వర్ 1971లో అక్కడే, న్యూమెక్సికో రాష్ట్రంలో పుట్టాడు. అంటే పుట్టుకతోనే అమెరికా పౌరుడు. మతబోధకుడిగా పేరు తెచ్చుకుని, చివరికి యెమెన్ చేరి, అమెరికాపై దాడులకు పిలుపునిచ్చాడు. 2009 క్రిస్మస్ రోజున డెట్రాయిట్ వెళ్లే విమానాన్ని పేల్చడానికి జరిగిన ప్రయత్నం వెనక అతనున్నాడన్నది అమెరికా ఆరోపణ. అన్వర్ అమాయకుడని వాదించడం కష్టమే. కానీ దోషి అని తేల్చాల్సిందెవరు?

ఆ డిసెంబరులో జడ్జి జాన్ బేట్స్ పిటిషన్ కొట్టేశారు. కొడుకు తరఫున దావా వేసే హక్కు తండ్రికి లేదన్నారు. చిత్రమేంటంటే, అసలు ప్రశ్న వేసిందీ ఆయనే. విదేశంలో ఉన్న అమెరికా పౌరుడిపై ఎలక్ట్రానిక్ నిఘా పెట్టాలంటే కోర్టు అనుమతి కావాలి, అదే పౌరుణ్ని చంపాలంటే మాత్రం కోర్టు జోక్యం చేసుకోకూడదా... అని. జవాబు మాత్రం ఆ తీర్పులో దొరకదు.

ప్రభుత్వం మాట ఒక్కటే... ఇది యుద్ధం. యుద్ధంలో శత్రు సైనికుణ్ని కాల్చడానికి వారెంటు అక్కర్లేదు, నిజమే. యుద్ధం లేనిచోట మాత్రం, ప్రాణాపాయం ముంచుకొస్తే తప్ప కాల్చకూడదు. మరి యెమెన్‌లో ఏది వర్తిస్తుంది? 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత వారానికే అమల్లోకి వచ్చిన తీర్మానమే అమెరికాకు ఆధారం. దాడులు చేసినవారి మీద, వారికి ఆశ్రయమిచ్చినవారి మీద బలప్రయోగానికి అది అధ్యక్షుడికి అధికారమిచ్చింది. అందులో ఏ దేశం పేరూ లేదు. గడువూ లేదు.

రాజకీయ హత్యలను అమెరికా 1976లోనే నిషేధించింది. అందుకే దీన్ని హత్య అనరు, ఆత్మరక్షణ అంటారు! 2013లో బయటపడ్డ న్యాయశాఖ పత్రం ఇంకో అడుగు ముందుకేసింది. ‘ముంచుకొస్తున్న ముప్పు’ అనడానికి, ఫలానా దాడి త్వరలో జరుగుతుందన్న స్పష్టమైన ఆధారం ఉండక్కర్లేదట.

2011 సెప్టెంబరు 30న డ్రోన్ దాడిలో అన్వర్ చనిపోయాడు.

అప్పటికి అతని కొడుకు అబ్దుల్ రహమాన్‌కి పదహారేళ్లు. నాన్నను వెతుక్కుంటూ ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయాడు. అక్టోబరు 14న మరో డ్రోన్ దాడి అతణ్ని బలితీసుకుంది. చనిపోయినవాడికి ఇరవయ్యొక్కేళ్లని తొలుత వార్తలొచ్చాయి. తాతయ్య మనవడి జననధ్రువీకరణ పత్రాన్ని బయటపెట్టాల్సి వచ్చింది: డెన్వర్, 1995. తాము ప్రత్యేకంగా గురిపెట్టింది ఆ కుర్రాణ్ని కాదని 2013లో అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ అమెరికా కాంగ్రెస్‌కు లేఖ రాశారు. ఎవరిని గురిపెట్టారో మాత్రం అందులో రాయలేదు.

నాసర్ మళ్లీ కోర్టుకెళ్లాడు. 2014 ఏప్రిల్‌లో ఆ కేసునూ కొట్టేశారు. 2017 జనవరిలో యెమెన్‌లోని ఓ పల్లెపై అమెరికా కమాండోలు దాడి చేశారు. ఆ రాత్రి చనిపోయినవారిలో అన్వర్ కూతురూ ఉంది. ఆమెకు ఎనిమిదేళ్లు.