ఇంటి చాక్లెట్ ముద్దలు: తీపి తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ

తీపి లేనిదే మన ఇళ్లలో శుభకార్యం జరగదు. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు, పీర్ల పండుగలో మళ్లీ అదే మలీద, రంజాన్ నాడు షీర్ ఖుర్మా. వేములవాడలోనైనా, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాలలోనైనా పండుగ అనగానే నోటికి తీపి తగలవలసిందే. అయితే ఒకనాడు పండుగకే పరిమితమైన తీపి నేడు దినచర్యలో భాగమైపోయింది. ఉదయం చక్కెర చాయ, సాయంత్రం బిస్కెట్టు, పిల్లల చేతిలో ఎప్పుడూ చాక్లెట్టు. మరోవైపు చాలామంది కంచాల్లో అన్నం ఎక్కువ, పప్పు తక్కువ. సాంచాల వద్ద గంటల తరబడి నిలబడేవారికీ, రోజంతా కూర్చుని బీడీలు చుట్టే తల్లులకూ, పరీక్షలకు చదివే విద్యార్థులకూ ఈ రెండు లోపాలూ కలిసి హాని చేస్తాయి. కావున చక్కెరను తగ్గించి, మాంసకృత్తులను పెంచే ఒక చాక్లెట్ మిఠాయిని కిరాణా సరుకులతోనే ఎట్లా చేసుకోవచ్చో ఈ వ్యాసంలో వివరించదలచాము.

చాక్లెట్టు కథ

కోకో చెట్టు అమెరికా ఖండానికి చెందినది. అక్కడి మాయా, అజ్టెక్ జాతులవారు కోకో గింజలను నూరి, మిరప వంటివి కలిపి చేదు పానీయంగా సేవించేవారు. అందులో చక్కెర లేదు. అది యూరప్ చేరిన తరువాతనే తీపితో జతకట్టింది. 1828లో హాలెండు దేశీయుడు వాన్ హౌటెన్ కోకో నుండి కొవ్వును పిండి వేరుచేసే యంత్రానికి హక్కు పొందగా, మిగిలిన పిండిని పొడి చేసి కోకో పౌడరుగా వాడటం వ్యాపించింది. 1875లో స్విట్జర్లాండుకు చెందిన డేనియల్ పీటర్ పాలు కలిపిన చాక్లెట్టును తయారుచేశాడు. నేడు మనం కొనే సాధారణ పాల చాక్లెట్టులో దాదాపు సగం బరువు చక్కెరే. దోషం కోకోది కాదు, దానితో కలిసిన చక్కెరది. ఆ కోకో మనకు దూరపు పంట కూడా కాదు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి ప్రాంతపు కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలలో అంతర పంటగా పండుతున్నది.

మన అవసరమెంత?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనగా ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 2020లో వెలువడిన దాని ప్రమాణాల ప్రకారం వయోజనులకు శరీరపు బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అనగా 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. ఇందుకోసం ఖరీదైన ప్రోటీన్ పొడులను ఆశ్రయించవద్దని 2024 నాటి ఆహార మార్గదర్శకాలలో ఆ సంస్థయే సలహా ఇచ్చింది. ఆ సంస్థ పిల్లల పోషణకై రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్'లో ఉన్నవి గోధుమలు, శనగపప్పు, పల్లీలు, బెల్లం మాత్రమే. మేము చెప్పబోయే ముద్ద కూడా ఆ బాటలోనిదే.

కావలసినవి

పుట్నాలు 100 గ్రాములు, పల్లీలు 75 గ్రాములు, నువ్వులు 25 గ్రాములు, వెన్న తీసిన పాలపొడి 50 గ్రాములు, చక్కెర కలపని కోకో పౌడర్ 20 గ్రాములు, గింజ తీసిన ఖర్జూరాలు 80 గ్రాములు, పాలు మూడు నాలుగు చెంచాలు, రెండు యాలకులు, చిటికెడు ఉప్పు.

కోకో కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. 'డ్రింకింగ్ చాక్లెట్' పేరుతో అమ్మే పొడిలో చక్కెర కలిసి ఉంటుంది. డబ్బా మీద పదార్థాల పేర్లు బరువును బట్టి ఎక్కువ నుండి తక్కువకు వరుసగా ఉంటాయి గనుక, మొదటి పేరు చక్కెర అయితే దానిని విడిచిపెట్టాలి.

చేయు విధానం

ముందుగా పల్లీలను ఏరి, ముడుచుకుపోయినవీ బూజు పట్టినవీ పారవేయాలి. బూజులో కాలేయానికి హాని చేసే విషం ఉండవచ్చు. అది వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. మంచి పల్లీలను సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించి, చల్లారిన పిదప పొట్టు తీయాలి. నువ్వులను చిటపటలాడగానే దించాలి. ఆలస్యమైతే చేదెక్కుతాయి. కోకోయే చేదు గనుక మరో చేదు తోడు కారాదు.

ఖర్జూరాలను వేడి పాలలో అరగంట నానవేసి మెత్తగా నూరాలి. అందులోనే కోకోను జల్లించి కలపాలి. వేడి తగిలినప్పుడే కోకో వాసన విచ్చుకుంటుంది. పుట్నాలను యాలకులతో కలిపి మెత్తని పిండిగానూ, పల్లీలు, నువ్వులను కొద్దిగా బరకగానూ పట్టాలి. పిండి, పాలపొడి, ఉప్పు, ఖర్జూరపు ముద్ద అన్నీ కలిపి బాగా పిసికితే పల్లీల నూనె బయటికి వచ్చి ముద్ద కడుతుంది. పొడిగా ఉంటే మరొక చెంచా పాలు చాలు. ఇరవై ముద్దలు చేయవచ్చు.

పాల తడి ఉన్నందున వీటిని ఫ్రిజ్‌లో ఉంచి వారం లోపల తినాలి. వేసవిలో బయట ఉంచితే ఆ రోజే ముగించటం మేలు. దుకాణపు చాక్లెట్టులోని కోకో కొవ్వు సుమారు 34 డిగ్రీల వేడికే కరుగుతుంది. మే నెల ఎండలో అది జేబులోనే పాకమవుతుంది. కోకో పొడితో చేసిన మన ముద్దకు ఆ బాధ లేదు.

ఎందుకీ కలయిక?

శనగలో లైసిన్ అనే అమైనో ఆమ్లం సమృద్ధిగా ఉంటుంది, మెథియోనైన్ తక్కువ. నువ్వులలో దీనికి విరుద్ధం. రెండూ కలిస్తే ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. పాలపొడి ఈ బలాన్ని ఇంకా పెంచుతుంది. లెక్క చూస్తే పుట్నాలలో 22, పల్లీలలో 19, పాలపొడిలో 18, తక్కిన వాటిలో పది, వెరసి సుమారు 70 గ్రాముల మాంసకృత్తులు. అంటే ముద్దకు మూడున్నర గ్రాములు. రెండు ముద్దలు ఒక కోడిగుడ్డుకు తీసిపోవు. చక్కెరలు మాత్రం ముద్దకు నాలుగైదు గ్రాములే; అవీ ఖర్జూరం, పాలు తెచ్చినవి.

ఒక భ్రమను తొలగించుకోవాలి. చక్కెర మానివేసి బెల్లమో తేనెయో వాడితే నష్టం లేదని కొందరి నమ్మకం. రక్తంలో చేరిన తరువాత వాటి నడతలో పెద్ద తేడా లేదు. ఖర్జూరంలోనూ మూడింట రెండు వంతులు చక్కెరే. పీచు తోడుండటం, కొద్దిగా వేసినా సరిపోవటమే దాని మేలు. కనుక మధుమేహం ఉన్నవారు వీటిని మందుగా భావించరాదు. రోజుకు ఒకటితో ఆపి, తమ వైద్యుని సలహా పాటించాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగిన పిమ్మటనే తినాలి. పల్లీలు పడనివారు వీటిని ముట్టరాదు.

పై సరుకులలో కోకో తప్ప కొత్తది లేదు. నువ్వుల ముద్దలు, పల్లీ పట్టీలు, మలీద మన పెద్దలు చేసినవే. తగ్గించవలసినది తీపి, పెంచవలసినది పప్పు. విద్యార్థి మిత్రులు ఈ సెలవులలో ఒక్కసారి చేసి చూసి, ఇంట్లో అందరికంటే ముందుగా రోజంతా పనిచేసి అలసిన తల్లి చేతిలో ఒక ముద్ద ఉంచాలని మా కోరిక.