బండికి ఇల్లు కట్టి చూడు

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఈ రెండూ కాక మూడోది కూడా ఒకటుందని మొన్న మా చెల్లి ఫోన్ చేసేదాకా నాకు తెలియదు. బండికి ఇల్లు కట్టి చూడాలట!

మా చెల్లి ఉండేది అమెరికాలో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. మనవాళ్ళు బాగా ఎక్కువగా ఉండే ఊరు. అక్కడ సెలవులొస్తే కొందరు చక్రాల ఇంటినొకదాన్ని కారు వెనక తగిలించుకుని ఊళ్ళు చూడ్డానికి బయల్దేరతారు. ట్రావెల్ ట్రైలర్ అంటారు దాన్ని. మంచాలు, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ అందులోనే. పిల్లలకు గ్రాండ్ కాన్యన్ అలా చూపించాలని మా మరిదిగారి కోరిక. పోను వెయ్యి మైళ్ళ పైమాటే.

"దాన్ని లాగడానికి పెద్ద పికప్ ట్రక్కు కొంటారటక్కా. ఇప్పుడున్న వ్యాన్ అమ్మేస్తారట. నన్నొక్క మాట అడిగితే ఒట్టు," అంది. గొంతు అదోలా ఉంది.

"కొననీవే, నీకేం?" అన్నాను తేలిగ్గా.

"రోజూ నడిపేది నేను కదా!"

అప్పుడర్థమైంది నాకు. అది కారు నేర్చుకుందే ముప్ఫై ఏళ్ళొచ్చాక. మొదటి ఏడాదే పార్కింగ్‌లో గోడకు రాసుకుపోయింది. ఆ భయంతో ఎనిమిది నెలలు స్టీరింగ్ ముట్టుకోలేదు. పాలప్యాకెట్టుకి కూడా మొగుడి సెలవు రోజు కోసం కాచుక్కూర్చునేది. ఎలాగో ధైర్యం కూడదీసుకుని ఇప్పుడు పిల్లల స్కూలు, తన ఉద్యోగం, కూరగాయలు... అన్నీ తనే తిరుగుతోంది. ఆ పికప్పేమో పంతొమ్మిదడుగుల పైచిలుకు పొడవు! దాన్ని సందు చూసి నిలపడం దాని వల్లయ్యే పనేనా? మళ్ళీ "ఏవండీ, ఒకసారి తీసుకెళ్తారా?" దగ్గరికే వచ్చిపడుతుంది.

కథలు రాసుకునే నాకు బండ్ల సంగతేం తెలుసు? మా ఇంట్లో ఉన్నది ఒక్క స్కూటీ. అయితే బీకాం చదివినందుకు లెక్కలు మాత్రం వచ్చు. రెండు ఆదివారాలు అది అక్కడ కాగితాలు చదువుతుంటే నేనిక్కడ పచారీ పద్దుల పుస్తకం వెనక లెక్కలు వేశాను.

మొదటి మోసం ఖాళీ బరువులో ఉంది. మరిదిగారు చూసిన ట్రైలర్ ఖాళీగా 4,500 పౌండ్లు, అంటే రెండు టన్నులు దాటుతుంది. కానీ ఖాళీ ఇంటితో ఎవరు ప్రయాణం చేస్తారు? 40 గ్యాలన్ల నీళ్ళు నింపితేనే 150 కిలోలు. గ్యాసు, బ్యాటరీ, గిన్నెలు, దుప్పట్లు, ఆపైన మన పచ్చళ్ళ జాడీలు! నిండుగా ఎంత వరకు ఉండొచ్చో ట్రైలర్ మీదే రాసి ఉంటుంది. దానికది 5,800 పౌండ్లు. లెక్క చూసుకోవాల్సింది ఆ అంకెతోనే. చెల్లి దగ్గరున్న హోండా ఒడిస్సీ లాగగలిగేది మహా అయితే 3,500 పౌండ్లు.

రెండోది, ట్రైలర్ ముక్కు బరువు. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు లాగే బండి కొక్కెం మీద పడాలట. ఇది వినగానే నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు.

మా చిన్నప్పుడు ఎలమంచిలి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏటికొప్పాక చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు కట్టేవారు. ఒకసారి ఎగువ ఎక్కుతుంటే చెరకు వెనక్కి జారి, కాడి పైకి లేచిపోయి, మెడతాళ్ళు బిగుసుకుని ఎడ్లు విలవిల్లాడాయి. నేను కెవ్వున అరిచాను. తాతయ్య నలుగుర్నీ పిలిచి కాడి కిందికి అదిమి, చెరకంతా మళ్ళీ సర్దించి అన్నాడు: "ఎడ్ల మెడ మీద కూసింత బరువుండాలమ్మా. అస్సలు లేకపోతే బండి లేసిపోద్ది. ఎక్కువైతే ఎడ్లు సతికిలబడిపోతాయి."

అమెరికా పుస్తకంలో ఉన్నదీ అదే! ముక్కు తేలికైతే దారిలో ట్రైలర్ తోక ఊపుతుంది, ముందు బండిని కూడా రోడ్డు మీంచి లాగేస్తుంది. ఎక్కువైతే ముందు బండి వెనక భాగం కుంగి, స్టీరింగు పట్టు తప్పుతుంది. 5,800 పౌండ్లకు ఈ ముక్కు బరువు 263 నుంచి 395 కిలోలు. అదీ, ఎక్కే మనుషులూ, సామానూ అన్నీ కలిపి డ్రైవరు తలుపు దగ్గరుండే స్టిక్కర్ మీది అంకె దాటకూడదు. ఈ స్టిక్కర్ చదివే కొనుగోలుదారులు ఎంతమంది?

మూడో లెక్క చెల్లే వేసింది. 365 రోజుల్లో ట్రైలర్ లాగేది పదిహేను రోజులు. మిగతా 350 రోజులూ బండి తిరిగేది స్కూలుకీ, ఆఫీసుకీ, బజారుకీ.

ఈ లెక్కలన్నీ కాగితమ్మీద రాసి భోజనాల దగ్గర మరిదిగారి ముందు పెట్టిందట. ఆయన మంచివాడే, తోచలేదు అంతే. "ముందే చెప్పొచ్చుగా," అన్నాడట. "మీరు అడగొచ్చుగా," అందట ఇది.

చివరికి బండిని పెంచడం మాని ఇంటిని తగ్గించారు. నిండుగా 3,500 పౌండ్లు దాటని చిన్న ట్రైలర్, దాన్ని లాగడానికి 5,000 పౌండ్ల వరకు లాగే పెట్రోలు టొయోటా హైలాండర్. లాగే శక్తిలో కొంత మిగుల్చుకోవడం ఎప్పుడూ మంచిదే. పైగా బండి పొడవు పదహారడుగుల చిల్లర, వాళ్ళ పాత వ్యాన్ కన్నా తక్కువే. ట్రైలర్ బ్రేకుల్ని నడిపే కంట్రోలర్ కూడా పెట్టించుకున్నారు. ఏదీ కొనకముందు ఒక వారాంతం అలాంటి ట్రైలర్నే అద్దెకు తెచ్చి చూశారు. వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగు కింది భాగం పట్టుకుంటే, చెయ్యి ఎటు కదిపితే ట్రైలర్ అటు తిరుగుతుందట. ఖాళీ మైదానంలో ఆ విద్య ముందు పట్టుబడింది మా చెల్లికే!

మనకు చక్రాల ఇళ్ళు లేవు కదా అంటారేమో. పండగలకొచ్చే చుట్టాల కోసం ఏడు సీట్ల బండి కొని, మిగతా ఏడాదంతా సందులో తిప్పలేక అవస్థపడే ఇళ్ళు మన ఎలమంచిలిలో లేవూ? ఈసారి మీ ఇంట్లో బండి మాటొస్తే రంగు దగ్గరే ఆగిపోకండి. బరువెంత, చోటెంత, రోజూ నడిపేదెవరు అని అడగండి. కాడి ఎవరి మెడ మీద పడుతుందో వాళ్ళను అడక్కుండా బండి కట్టకూడదు, ఏమంటారు?