కాళ్ళలో బలమున్నా అడుగు పడదేం?

తల తెగిన కోడి కాసేపు పరుగెత్తడం మీరు చూసే ఉంటారు. అడుగు వెనుక అడుగు వేయించే నాడుల అల్లిక వెన్నుపాములోనే ఉంది. బయల్దేరమనీ, ఆగమనీ ఆజ్ఞ ఇచ్చేది మెదడు. 1966లో మాస్కోలో షిక్, సెవెరిన్, ఓర్లోవ్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు పెద్దమెదడుతో సంబంధం తెంచిన పిల్లిని (పాపం!) కదిలే పట్టీమీద నిలబెట్టి, నడిమెదడులో ఒకచోట సన్నగా కరెంటు పంపారు. పిల్లి నడిచింది. కరెంటు పెంచితే దౌడు తీసింది!

మనిషిలోనూ ఏర్పాటు ఇటువంటిదే. పార్కిన్సన్స్ జబ్బులో కాళ్ళు బాగానే ఉన్నా ఆ ఆజ్ఞ సరిగా అందదు. ఇంట్లో తాతగారి పాదాలు గుమ్మం దగ్గర నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతుంటే, వయసు మీదపడిందని ఊరుకోకండి. నరాల వైద్యనిపుణుడికి చూపించండి. ఆగినప్పుడు చెయ్యి పట్టి లాగితే పడిపోతారు. నేలమీద అడ్డంగా సుద్దగీత గీసి, దాన్ని దాటమనండి. చాలామందికి అడుగు పడుతుంది.